బొమ్మలో పెరుగన్నం

పోయిన సంచికలో ఒక చిన్న పేరా రాశాను: కుక్కపిల్ల చెప్పులు కొరుకుతుంటే అరిచే బదులు, లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మ ఒకటి కొని, దాని తిండే అందులో కూరి ఇవ్వండి, నాకుతూ కొరుకుతూ బయటికి లాక్కుని తింటూ తన పనిలో తనుంటుంది అని. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ పేరా మీదే. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

మాకు మూడు నెలల లాబ్రడార్ పిల్ల ఉంది. మీరు రాసింది చదివి కాంగ్ అనే కంపెనీ ఎర్ర బొమ్మ కొన్నాం. చికెన్ ఉడికించి గట్టిగా దట్టించి, రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి ఇచ్చాం. రెండుసార్లు నాకి వదిలేసి మళ్లీ సోఫా కాలు దగ్గరికే వెళ్లింది. డబ్బులు దండగేనా మేడమ్?
— ఒక గృహిణి, విజయవాడ

దండగ కాదమ్మా, తొందర. అక్షరాభ్యాసం రోజునే గుణింతాలన్నీ అప్పజెప్పమన్నట్టుంది మీరు చేసింది. ఆ పిల్లకి ఇంతవరకు తెలిసిన తిండి గిన్నెలో ఉంటుంది, మూతి పెడితే వచ్చేస్తుంది. ఇప్పుడు హఠాత్తుగా ఒక చల్లటి రాయి ఇచ్చి లోపల చికెన్ ఉంది తవ్వుకో అంటే అది మాత్రం ఏం చేస్తుంది, తేలిగ్గా దొరికే సోఫా కాలే నయం అనుకుంటుంది.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. రేపు పొద్దున దాని డ్రై ఫుడ్ గింజలు ఓ గుప్పెడు బొమ్మలో ఊరికే పోయండి, ఏమీ కూరొద్దు, మూతా పెట్టొద్దు. అది మూతితో తోస్తే బొమ్మ దొర్లాలి, దొర్లితే గింజలు రాలాలి. రెండు మూడు రోజులు ఇంతే. తర్వాత అవే గింజల మీద పెద్ద కన్నం దగ్గర ఒక చెంచా పెరుగు పూయండి. ఆ తర్వాత గింజల్ని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెదిపి వదులుగా నింపండి, అది అలవాటయ్యాక కాస్త నొక్కి నింపండి, ఆపైన ఫ్రిజ్‌లో ఓ గంట, అన్నిటికన్నా ఆఖర్న ఫ్రీజర్. ఏ మెట్టు మీద ఎన్నాళ్లుండాలని అడిగితే, "ఐదు నిమిషాల్లో ఖాళీ చేసేస్తోందండీ" అని మీరు ఫిర్యాదు చేసేదాకా. బొమ్మ కష్టమైందని కుక్క ఒకసారి వదిలేస్తే మళ్లీ దాన్ని మళ్లించడానికి రెట్టింపు సమయం పడుతుంది, అదే తేలికై తొందరగా అయిపోతే మనకొచ్చిన నష్టమేమీ లేదు.

ఇంకోటి, ఎర్ర బొమ్మ ఎదిగిన కుక్కలది. కుక్కపిల్లలకి ఇదే బొమ్మ మెత్తటి రబ్బరుతో లేత నీలం, గులాబీ రంగుల్లో వస్తుంది. దాని నోట్లో ఇప్పుడున్నవి 28 పాలపళ్లు, నాలుగో నెల అటూ ఇటూగా అవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 పళ్లు వచ్చేస్తాయి. ఆ మధ్యలో చిగుళ్లు సలుపుతుంటాయి కాబట్టి ఏది దొరికితే అది కొరుకుతుంది, మీ సోఫా మీద దానికి కక్షేమీ లేదు. ఎర్ర బొమ్మ దాచండి, ఆరేడు నెలలు నిండాక పనికొస్తుంది. సైజు మాత్రం ఎప్పుడూ మొత్తం బొమ్మ నోట్లోకి పోనంత ఉండాలి, అనుమానం ఉంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి.

ఇక ఏ వేళకి ఇవ్వాలన్నది. సోఫా కొరుకుతున్నప్పుడు పరుగెత్తుకెళ్లి బొమ్మ ఇస్తే, సోఫా కొరికితే బొమ్మ వస్తుందన్నది నేర్చుకుంటుంది, లాబ్రడార్‌ని తక్కువ అంచనా వెయ్యకండి. చాలా ఇళ్లలో కుక్కపిల్లలకి పిచ్చి పట్టే వేళ సాయంత్రం ఆరు ఏడు మధ్య. దానికి పావుగంట ముందే బయట తిప్పి, మూత్రం పోయించి, కాసేపు ఆడించి, అప్పుడు బొమ్మ చేతికివ్వండి. నాకి నాకి అక్కడే నిద్రపోతుంది.

అన్నట్టు ఈ బొమ్మ పుట్టిందీ కొరుకుడు బాధలోంచే. అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్‌ని పెంచుకున్నారు. అది రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటోంది. ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగు చేసుకుంటూ విడిభాగాలు తీసి పడేస్తుంటే, సస్పెన్షన్‌కి ఉండే రబ్బరు ముక్క ఒకటి పట్టుకుని అది వదల్లేదట. అలాంటి బొమ్మే చేసి 1976లో కాంగ్ కంపెనీ పెట్టారు. మీ సోఫా కాలు ఏమవుతుందో చూద్దాం.

మాది శాకాహారుల ఇల్లు. మా అత్తయ్యగారు ఫ్రిజ్‌లో గుడ్డు కూడా పెట్టనివ్వరు. ఇంటర్నెట్‌లో చూస్తే అన్నీ చికెన్, లివర్, చీజ్ అంటున్నారు. మా ఐదు నెలల పగ్ పిల్లకి ఏం కూరాలి? మిగిలిన చారన్నం, పులిహోర పెట్టొచ్చా?
— కూకట్‌పల్లి, హైదరాబాద్

ముందు ఆఖరి మాట సంగతి తేలుద్దాం, చారన్నం, పులిహోర రెండూ వద్దు. ఉప్పు, కారం, ఇంగువ తాలింపు కడుపుకి పడకపోవడం ఒకెత్తు, నా భయం చింతపండు గురించి. ద్రాక్ష, కిస్‌మిస్ తింటే కొన్ని కుక్కలకి కిడ్నీలు దెబ్బతింటాయని చాలా ఏళ్లుగా తెలుసు, కారణమే అంతుపట్టలేదు. 2021లో అమెరికాలో జంతువుల విష ప్రమాదాలు చూసే వెటర్నరీ డాక్టర్లు అందులో ఉండే టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు, ఆ తర్వాత చింతపండు తిన్న కుక్కల్లోనూ అలాంటి కిడ్నీ దెబ్బే కనిపించిందని రాశారు. మన చింతపండులో ఆ ఆమ్లం దండిగా ఉంటుంది. ఒక మెతుకు నాకితే ఏదో అయిపోతుందని టెన్షన్ పడొద్దు గానీ, కావాలని బొమ్మలో కూరి పెట్టే వస్తువు మాత్రం కాదు. సాంబారు, పులుసు, చింతపండు చట్నీ అన్నీ ఇదే లెక్క. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాల్ని పాడు చేస్తాయి, ఉడికినా పొడి చేసినా అంతే. పాయసంలో కిస్‌మిస్, పిల్లల చాక్లెట్, ఇవి కూడా ఆ జాబితాలోవే.

ఇక పెట్టగలిగినవి మీ వంటింట్లో కావలసినన్ని ఉన్నాయి, మీ అత్తయ్యగారి ఫ్రిజ్‌కి ఏ మైలా అంటదు. నా లెక్కలో మొదటి స్థానం పెరుగన్నానిదే. మెత్తగా ఉడికించిన అన్నం, పులవని పెరుగు, ఉప్పు లేదు, తాలింపు లేదు, అంతే. పాలు పడని కుక్కలు చాలా ఉంటాయి కానీ పెరుగులో లాక్టోజ్ అనే పాల చక్కెర కాస్త తక్కువ, అందుకే ఎక్కువ వాటికి పడుతుంది, కొత్తగా పెడుతుంటే రెండు చెంచాలతో మొదలుపెట్టి మర్నాడు విరేచనం గట్టిగా ఉందో లేదో చూసుకోండి. ఆవిరి మీద ఉడికించిన తీపి గుమ్మడికాయ, చిలగడదుంప, క్యారెట్, సగం అరటిపండు, ఇంట్లో విరిచిన పనీరు, ఉప్పు వేయని రాగి సంకటి, ఇవన్నీ బాగా కూరుకుంటాయి. సంకటి అయితే చల్లారాక మైనంలా పట్టుకుంటుంది, బొమ్మ మూతి దగ్గర బిరడాలాగా పెట్టడానికి దాన్ని మించింది లేదు.

పీనట్ బటర్ కొనకండి, మనకి పల్లీలకి కరువా? నూనె లేకుండా దోరగా వేయించి, పొట్టు తీసి, మిక్సీలో ఆపుతూ తిప్పుతూ ఉంటే దానంతటదే నూనె వదిలి ముద్దవుతుంది. ఉప్పు, బెల్లం వేయొద్దు. పల్లీ చట్నీ కాదండోయ్, పచ్చిమిర్చి వేసి రుబ్బి పెట్టానని ఒకావిడ నిరుడు నాకు చెప్పారు, ఆ కుక్క ఇప్పటికీ మిక్సీ శబ్దం వింటే మంచం కింద దూరుతుందట. ముడతలు పడ్డ, నల్లబడ్డ, చేదు పల్లీలు ముందే ఏరేయండి, వాటిలో బూజు విషం ఉండొచ్చు, అది కుక్క లివర్‌కి చేటు. ముద్ద కూడా అరచెంచా చాలు, దాదాపు సగం కొవ్వే అది.

ఒక మాట మాత్రం కచ్చితంగా చెప్పాలి. ఎదిగే పిల్లకి అన్నం, పెరుగు, గుమ్మడికాయలతోనే కడుపు నింపితే ఎముకలకి కావాల్సిన కాల్షియం, మాంసకృత్తులు సరిపోవు. కాబట్టి బొమ్మలో ముప్పాతిక వంతు దాని పప్పీ ఫుడ్డే, నానబెట్టింది, ఉండాలి. పైన చెప్పినవన్నీ రుచికి.

మీది పగ్ కాబట్టి ఇంకో చిక్కుంది. ఆ ఫోన్ కంపెనీ యాడ్ వచ్చినప్పటి నుంచి ఊరూరా పగ్‌లే, పాపం వాటికి మూతి లేదు. లోతైన బొమ్మలో నాలుక అందక గురకలు పెడుతూ ఆయాసపడతాయి. పొట్టిగా వెడల్పాటి కన్నం ఉన్న బొమ్మ చూడండి, లేదా బొడిపెలుండే రబ్బరు నాకుడు పలక మీద పూసి ఇవ్వండి.

రోజూ పొద్దున, సాయంత్రం గిన్నెలో తిండి, మధ్యాహ్నం బొమ్మ నిండా ఇస్తున్నాం. మా లాబ్ నాలుగు నెలల్లో ఐదు కిలోలు పెరిగింది. వయసు నాలుగేళ్లు. డాక్టరుగారు కోప్పడ్డారు. బొమ్మ ఆపేయాలా?
— రాజమహేంద్రవరం

బొమ్మ ఆపొద్దు, గిన్నె ఆపండి. చాలామంది పొరబడేది ఇక్కడే, బొమ్మలోది అదనపు చిరుతిండి కాదు, అదే భోజనం, గిన్నెలోంచి బొమ్మలోకి మారింది అంతే. పొద్దున్నే ఆ రోజుకి పెట్టాల్సిన మొత్తం గింజల్ని కొలిచి ఒక డబ్బాలో పోయండి. బొమ్మకీ, ట్రైనింగ్‌కీ, ఇంటికొచ్చిన చుట్టాలు ముద్దుకి పెట్టేదానికీ, అన్నీ ఆ డబ్బాలోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి సరి. పైపై రుచులన్నీ కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు, అది ఎంత తక్కువో తెలియాలంటే ఈ లెక్క చూడండి: ఒక టేబుల్ స్పూను పల్లీ ముద్దలో 95 కేలరీల దాకా ఉంటాయి, 10 కిలోల కుక్కకి రోజంతటికీ కావాల్సింది ఐదారు వందలే.

పాపం లాబ్ తప్పు కూడా కొంత ఉంది, కాదు కాదు, దాని జన్యువుల తప్పు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో చెప్పిందేమిటంటే, సుమారు నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో కాస్త ముక్క ఎగిరిపోయి ఉంటుంది, అలాంటి వాటికి తిండి యావ ఎక్కువ, ఒళ్లూ తొందరగా చేస్తాయి. ఇది చదివి జాలిపడి ఇంకో ముద్ద పెట్టకండి, అలాంటి కుక్కకే కొలత మరీ అవసరం.

చీమలు! బొమ్మ కింద పెట్టిన రెండు నిమిషాల్లో చీమలు. కడిగినా లోపలి వాసన పోవడం లేదు.
— కాకినాడ

చీమలకి మన అమ్మమ్మల వైద్యమే. నింపిన బొమ్మని గిన్నెలో నిలబెట్టి, ఆ గిన్నెని నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టి దాచుకోండి. కుక్కకి ఇచ్చేటప్పుడు అది తినే చోట ముందే తడిగుడ్డతో తుడవండి, చీమల మందు ముగ్గులాగా గీయడం మాత్రం వద్దు. తినగా మిగిలింది మన ఎండల్లో రెండు గంటలు దాటితే పారేయాల్సిందే, కరిగిపోయింది మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి మర్నాడు ఇవ్వడం, కరెంటు పోయి కరిగినా సరే, వద్దు.

వాసనకి, అయిపోయిన వెంటనే వేడి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ పోసి అరగంట నాననిచ్చి పాలసీసా బ్రష్‌తో తోమండి. ఎండిపోయాక తోమితే మీ ఓపిక, దాని ఓపిక. తోమాక తలకిందులుగా ఎండలో ఆరబెట్టండి.

పెరుగన్నం ఫ్రీజర్‌లో పెడితే రెండో వైపు చిన్న కన్నం నుంచి అంతా కారిపోతోంది. ఆ కన్నం మూసేస్తే పోదా?
— కర్నూలు

పూర్తిగా మూసెయ్యొద్దు. ఆ చిన్న కన్నం ఉన్నదే గాలి ఆడడానికి. ఒకే కన్నం ఉన్న బొమ్మలో కుక్క నాలుక లోపలికి పెట్టి పీల్చినప్పుడు గాలి పోయి నాలుక లోపలే పట్టేసుకున్న ప్రమాదాలు జరిగాయి, వాచిపోయి ఆపరేషన్ దాకా వెళ్లినవి ఉన్నాయి. సంతల్లో చవగ్గా దొరికే కొన్ని నకిలీలకి ఈ రెండో కన్నం ఉండదు, కొనేముందు తిప్పి చూసుకోండి.

నేను చేసేది చెబుతాను. జ్యూస్ తాగే స్ట్రా ఒకటి చిన్న కన్నంలోంచి పెద్ద కన్నం దాకా దూర్చి, చుట్టూ ఉన్న సందుని కాస్త సంకటితో మెత్తి, బొమ్మని స్టీలు గ్లాసులో పెద్ద కన్నం పైకి వచ్చేలా నిలబెట్టి, పెరుగన్నం నింపి ఫ్రీజర్‌లో పెడతాను. గడ్డకట్టాక స్ట్రా లాగేస్తే మధ్యలో గాలికి దారి ఉండిపోతుంది. స్ట్రా లాగడం మర్చిపోకండి, నేనొకసారి మర్చిపోయాను, కుక్క మర్చిపోలేదు, ముక్కలుగా నమిలి కార్పెట్ మీద పెట్టింది.

రిటైరయిన టీచర్ని. వీధిలో దొరికిన కుక్కపిల్లని పెంచుకుంటున్నాను, ఇప్పుడు ఏడాది దాటింది. అంత ఖరీదు బొమ్మలు నాకెందుకు? బజార్లో ఎముకలు ఐదు పది రూపాయలకి ఇస్తారు, అవి చాలవా?
— ఖమ్మం

మాస్టారూ, బొమ్మ కొనకపోతే మునిగిపోయేదేమీ లేదు గానీ ఎముక మాత్రం వద్దండి. ఉడికిన ఎముక పుల్లల్లా చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది. ఉడకని గట్టి ఎముకతో, జింక కొమ్ముతో ఇంకో బాధ, వెనకాల కొరికే పెద్ద పన్ను నిలువునా పగులుతుంది. బొటనవేలి గోరుతో నొక్కితే కాస్తయినా దిగని వస్తువు కుక్క పంటికి ఇవ్వకూడదని లెక్క పెట్టుకోండి. కొబ్బరి చిప్ప, మామిడి టెంక కూడా వద్దు, టెంక మింగితే పేగుకి అడ్డం పడి కోత తప్పదు.

మీ ఇంట్లో పాత గుంత పొంగనాల పెనం ఉందా? ఇనుపది, బరువుది. ఒక్కో గుంతలో నాలుగు గింజలో కాస్త అన్నం గుడ్డు కలిపిన ముద్దో పెట్టి కింద పెట్టండి, గిన్నెలో అర నిమిషంలో మింగేసేది పది నిమిషాలు నాకుతుంది. పై పూత ఉన్న నాన్‌స్టిక్ పెనం వాడొద్దు, పూత గీరుకుపోతుంది. లేదంటే పాత తువ్వాలు పరిచి, గింజలు చల్లి, చాపలా చుట్టి ఇవ్వండి, ముక్కుతో విప్పుకుంటుంది. తువ్వాలు తినేసే రకమైతే మాత్రం మీరు పక్కనే కూర్చోండి.

ఊరికే దొరికే తిండి ఉండగా కష్టపడి ఎందుకు తింటుంది అని మీకు అనుమానం రావచ్చు, మాస్టారు కదా. 1963లో గ్లెన్ జెన్సెన్ అనే శాస్త్రవేత్త ఎలుకల ముందు గిన్నె నిండా తిండి పెట్టి పక్కనే మీట కూడా పెడితే, మీట నొక్కి సంపాదించుకున్న తిండినే చాలా ఎలుకలు ఎక్కువగా తిన్నాయి. కుక్కలన్నీ అలా ఉంటాయని నేననను, మా ఇంట్లోనే ఒకటి గిన్నె కనిపిస్తే బొమ్మ వైపు చూడదు. దానికి నేను గిన్నె చూపించడం మానేశాను.

మేం డాలస్‌లో ఉంటాం. ఇద్దరం ఆఫీసుకి వెళ్తే మా రెండేళ్ల బీగిల్ ఒంటరిగా ఉంటుంది. వెళ్లేటప్పుడు కాంగ్‌లో పీనట్ బటర్ పెట్టి ఇస్తాం. సాయంత్రం వచ్చేసరికి ముట్టుకోకుండా అలాగే ఉంటుంది, మేం రాగానే తినేస్తుంది. తలుపు దగ్గర గీతలు కూడా ఉంటున్నాయి.

తలుపు మీద గీతలు, ముట్టని తిండి. ఈ రెండూ కలిస్తే అది మొండితనం కాదు, భయం. మనకి గుండె దడదడలాడుతుంటే బిర్యానీ పెట్టినా ముద్ద దిగదు చూడండి, అదే. ఒంటరితనం భయాన్ని బొమ్మ తగ్గించలేదు, పైగా మీరు వెళ్లేటప్పుడు మాత్రమే ఇస్తే, బొమ్మ బయటికి తీయగానే "అయ్యో వెళ్లిపోతున్నారు" అన్న గంట మోగుతుంది దానికి. మీరు ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు ఇవ్వడం మొదలుపెట్టండి. తర్వాత అది తింటుండగా పక్క గదిలోకి వెళ్లి రండి, తర్వాత గుమ్మం దాటి అర నిమిషం, అలా. ఒక ఫోన్‌లో వీడియో పెట్టి వెళ్లి చూడండి, తిరుగుతోందా, అరుస్తోందా, చొంగ కారుస్తోందా. ఆ వీడియో వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి, మందు అవసరమయ్యే కుక్కలూ ఉంటాయి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈలోపు రోజంతా ఒక్కదాన్నే వదలకుండా మధ్యలో ఎవరైనా వచ్చి చూసే ఏర్పాటు చేయండి.

ఇంకో అత్యవసరమైన మాట, ఆ పీనట్ బటర్ సీసా వెనక ఇవాళే చదవండి. చక్కెర లేదని అమ్మే కొన్నిట్లో జైలిటాల్ వేస్తారు, బర్చ్ షుగర్ అని కూడా రాస్తారు. మనుషులకి ఏమీ కాదు, కుక్కకి మాత్రం అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛ రావచ్చు, లివర్ చెడిపోవచ్చు. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో కూడా ఇదే.

బొమ్మ తీసుకోబోతే గుర్రుమంటోంది. మావారు "ఇప్పుడే అణచకపోతే నెత్తికెక్కుతుంది" అని లాక్కుంటున్నారు. నిన్న చెయ్యి గీసింది. ఇంట్లో ఇంకో కుక్క కూడా ఉంది.
— హనుమకొండ

మీవారు తింటుండగా కంచం లాగేస్తే ఆయన ఏం చేస్తారో అడగండి. గుర్రు అంటే "దగ్గరికి రావద్దు" అని మర్యాదగా చెప్పడం, దాన్ని కొట్టి మాన్పిస్తే చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. లాక్కోవడం ఈ రోజుతో ఆపేయండి. గీసిన చోట రక్తం వచ్చినా రాకపోయినా చర్మం లేచి ఉంటే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా పోసే నీళ్లకింద కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి, పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు.

తింటున్నప్పుడు దూరం నుంచి నడుస్తూ దానికి బొమ్మలో ఉన్నదానికన్నా రుచైన ముక్క ఒకటి విసిరి ఆగకుండా వెళ్లిపోండి. రోజులు గడిచేకొద్దీ మీరు వస్తుంటే తోక ఊపడం మొదలవుతుంది, అప్పుడే కాస్త దగ్గరగా. తీసుకోవాల్సి వస్తే అయిపోయాక, వేరే గదిలోకి పిలిచి ఏదైనా ఇచ్చి, అది అక్కడుండగా తీయండి. రెండో కుక్కకి దాని బొమ్మ దానికి, తలుపు వేసిన వేరే గదిలో. పిల్లలుంటే ఆ గదుల్లోకి రానివ్వకండి. ఇంతచేసినా గుర్రు పెరుగుతుంటే ఫోన్‌లో సలహాలు కాదు, మీ ఇంటికొచ్చి చూసే ట్రైనర్ కావాలి.

ఆంటీ, నేను తొమ్మిదో తరగతి. మా స్కూబీ బొమ్మ ఇవ్వగానే నోట్లో పట్టుకుని నా మంచం ఎక్కి అక్కడే తింటుంది. దుప్పటంతా పెరుగు. అమ్మ నన్ను తిడుతోంది.
— తెనాలి

నాన్నా, మంచి వస్తువు దొరికితే మెత్తటి చోటికి తీసుకెళ్లడం కుక్క తెలివి, అందులో నీ మంచం దానికి బాగా నచ్చింది. హాల్లో ఒక మూల పాత బెడ్‌షీట్ నాలుగు మడతలు వేసి పరుచు. బొమ్మ అక్కడే ఇవ్వు. తీసుకుని నీ గది వైపు బయల్దేరితే అరవకు, లాక్కోకు, ఇంకో ముక్క చూపించి వెనక్కి పిలిచి మళ్లీ ఆ దుప్పటి మీదే ఇవ్వు. వారం పది రోజులు నీ గది తలుపు వేసి ఉంచు, ఇది నీ వల్ల అవుతుందో లేదో నాకు కాస్త అనుమానమే. అప్పటిదాకా పెరుగు బదులు పొడి గింజలు పోసి ఇవ్వు, మంచం మీద పడినా దులిపితే పోతాయి. ఉతకాల్సిన దుప్పటి మాత్రం నువ్వే ఉతుకు, అమ్మ చేత ఉతికించకు.